శిలువ రాయి – తీరని బాకీ

ఈ ప్రత్యేక సంచికకు మీ సర్వీసు అనుభవాలు కలిపి ఏదైనా చరిత్ర వ్యాసం రాయండని మన సంఘం కార్యదర్శిగారు ఫోను చేసి అడిగినప్పుడు, నెల్లూరు అభ్రకం గనుల గురించి రాద్దామనుకున్నాను. కాగితాలు ముందేసుకుని కూర్చున్నాక చెయ్యి దానంతటదే బల్ల సొరుగులో ఉన్న ఒక చిన్న రాయి మీదికి పోయింది. గోధుమ రంగు రాయి. చింతగింజ కంటె కాస్త పెద్దది. రెండు పొట్టి కడ్డీలు ఒకదానిలోంచి ఒకటి దూరినట్లు అచ్చంగా శిలువ ఆకారంలో ఉంటుంది. ఎవరో చెక్కింది కాదు. భూమిలో అలాగే పుట్టింది. దాని పేరు స్టారోలైట్.

మన శాఖలో క్షేత్ర విభాగంలో పనిచేసినవారికి ఈ పేరు కొత్త కాదు. లెక్కల విభాగంలో, డ్రాయింగు హాలులో, జీపుల మీద పనిచేసిన మిత్రులకు కొత్త కావచ్చు. ముఖ్యంగా వారిని ఉద్దేశించే ఇది రాస్తున్నాను. ఈ రాయి చుట్టూ మూడు ఖండాలలో కథలున్నాయి. దాని పుట్టుక వెనుక చక్కని శాస్త్రం ఉంది. నా వరకు దాని వెనుక ఒక బాకీ కూడా ఉంది. ఆ సంగతి చివర చెబుతాను.

ఫెయిరీల కన్నీళ్ళు

ఈ రాయి నా సొరుగులోకి వచ్చింది 2014లో. అప్పుడు మా అమ్మాయి కుటుంబం అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రంలో ఉండేది. మేమిద్దరం ఆరు నెలల వీసా మీద వెళ్ళాము. అక్కడ మనబోటి వాళ్ళకు కాలక్షేపం కష్టమని మీకు తెలుసు. శనివారం వచ్చిందంటే పిల్లలు ఎక్కడికైనా తీసుకువెళతారేమోనని ఎదురుచూడటమే. ఒక శనివారం మా మనవరాలు, "తాతయ్యా, మీ రాళ్ళు దొరికే చోటు ఒకటి ఉందట, వెళదామా?" అంది. మూడు గంటల ప్రయాణం చేసి పక్క రాష్ట్రమైన వర్జీనియాలో ప్యాట్రిక్ కౌంటీకి వెళ్ళాము. అక్కడున్నదే ఫెయిరీ స్టోన్ స్టేట్ పార్క్.

ఫెయిరీలంటే మన కథల్లోని వనదేవతల వంటివారే, కాకపోతే వేలెడంత ఉంటారు. అక్కడ చెప్పుకునే కథ ఇది. చాలా కాలం కిందట ఆ కొండల నడుమ ఒక నీటి ఊట చుట్టూ ఫెయిరీలు చేరి ఆడుకుంటూ నాట్యం చేస్తున్నారట. ఇంతలో ఎక్కడో దూరదేశపు నగరం నుంచి ఒక దూత వచ్చి, క్రీస్తును శిలువ వేశారనే వార్త చెప్పాడట. అది విని వారంతా కన్నీరు పెట్టుకున్నారు. నేల మీద పడిన ఒక్కొక్క బొట్టూ గట్టిపడి ఒక్కొక్క శిలువగా మారింది. అందుకే ఆ రాళ్ళను ఫెయిరీ స్టోన్స్ అంటారు. దగ్గర ఉంచుకుంటే జబ్బులూ ప్రమాదాలూ దరిచేరవని, దిష్టి తగలదని నమ్మకం. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా ఇటువంటి రాయిని దగ్గర ఉంచుకునేవాడని అక్కడివారు గొప్పగా చెప్పుకుంటారు.

ఆ పార్కుకూ ఒక చరిత్ర ఉంది. పూర్వం అక్కడ ఫేయర్‌డేల్ అనే ఇనుప గనుల ఊరు ఉండేది. గనులు మూతపడ్డాక ఊరు పాడుపడింది. రోనోక్ నగరానికి చెందిన పత్రికాధిపతి జూనియస్ బి. ఫిష్‌బర్న్ 1933లో సుమారు 4,800 ఎకరాల భూమిని రాష్ట్రానికి దానంగా ఇచ్చాడు. అది ఆర్థిక మాంద్యం రోజులు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వం అదే ఏడాది నిరుద్యోగ యువకుల కోసం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే పథకం పెట్టింది. నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి పంపాలి. మనవాళ్ళు మనియార్డర్ చేసినట్లే అనుకోండి. ఆ కుర్రాళ్ళు దారులు వేసి, చెక్క ఇళ్ళు కట్టి, వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టి 168 ఎకరాల చెరువు తయారుచేశారు. పాత ఊరు ఆ నీటి కిందికి పోయింది. 1936 జూన్ 15న వర్జీనియాలో ఒకేసారి తెరిచిన తొలి ఆరు స్టేట్ పార్కుల్లో ఇది ఒకటి.

రాళ్ళు ఏరుకోవడానికి ఒక స్థలం కేటాయించారు. పార, గునపం వంటివి వాడకూడదు. సొంతానికి కొద్దిపాటి రాళ్ళు తీసుకోవచ్చు, అమ్ముకోకూడదు. వాన వెలిసిన మర్నాడు వెళితే బాగా కనిపిస్తాయి. ముప్ఫై నాలుగేళ్ళు రాళ్ళతోనే బతికినవాణ్ణి కదా అని నేను గొప్పగా దిగాను. అరగంట వంగి వెతికినా నాకు ఒక్కటీ దొరకలేదు. మనవరాలికి మూడు దొరికాయి. "కళ్ళద్దాలు తుడుచుకోండి తాతయ్యా" అంది.

సంతలో ఉన్న రాయి కంటె నేల మీద ఉన్న రాయి వేరు. దగ్గరి దుకాణాలలో గొలుసులకు వేలాడే శిలువలు నిక్కచ్చిగా నిటారుగా, నున్నగా ఉన్నాయి. వాటిలో సానబట్టి సరిచేసినవీ ఉంటాయి, మరో పదార్థంతో తయారుచేసినవీ ఉంటాయి. నేల మీద దొరికినవి వంకర టింకరగా, గరుకుగా, సగం విరిగి ఉంటాయి. ప్రకృతి లెక్క కచ్చితంగానే వేస్తుంది గాని, ముస్తాబు చేయదు.

కన్నీటి బాట

ఇదే రాయికి అమెరికాలో మరో కథ ఉంది. అది చెరకీ ఆదివాసులకు సంబంధించినది. 1830లో అమెరికా ప్రభుత్వం ఆదివాసులను మిసిసిపీ నదికి పశ్చిమాన ఉన్న భూములకు తరలించడానికి చట్టం చేసింది. 1838–39లో జార్జియా, టెనెసీ, నార్త్ కరొలైనా, అలబామా ప్రాంతాల నుంచి సుమారు 16,000 మంది చెరకీలను సైన్యం కాపలాతో సాగనంపారు. చలిలో, రోగాలతో దారిలో సుమారు 4,000 మంది చనిపోయారని అంచనా. ఆ ప్రయాణానికే కన్నీటి బాట అని పేరు. అలా వెళుతున్నవారు కార్చిన కన్నీళ్ళే ఈ రాళ్ళయ్యాయని ఒక కథ.

ఆ బాట ప్యాట్రిక్ కౌంటీ మీదుగా పోలేదు. కాని జార్జియా ఉత్తర భాగంలో, చెరకీలు వదలి వెళ్ళిన కొండలలో కూడా స్టారోలైట్ శిలువలు దొరుకుతాయి. 1976లో జార్జియా దీన్ని తమ రాష్ట్ర ఖనిజంగా ప్రకటించింది. ఫెయిరీల కథలో ఐరోపా నుంచి వలస వచ్చినవారి వనదేవతలు, వారి మతం కలిసి కనిపిస్తాయి. రెండో కథలో ఆ నేల పోగొట్టుకున్నవారి దుఃఖం ఉంది. రాయి ఒకటే. దాన్ని చేతిలో పట్టుకున్నవారు తమకు తెలిసిన దుఃఖాన్ని దానికి అంటగట్టారు.

ఐరోపాలో

వర్జీనియా దుకాణాలలో ఇటువంటి రాళ్ళు ప్రపంచంలో మరెక్కడా దొరకవని చెప్పి అమ్ముతుంటారు. అది నిజం కాదు. ఫ్రాన్సులో బ్రిటనీ ప్రాంతం వీటికి ఎంతో కాలంగా ప్రసిద్ధి. అక్కడ స్కాయెర్ దగ్గర కోఅద్రీ అనే చోట ఒక ప్రార్థనాలయం ఉంది. ఆ పరిసరాలలోని పొలాలలో, వాగులలో శిలువ రాళ్ళు దొరుకుతాయి. పూర్వం ఒక అన్యమత ప్రభువు అక్కడి శిలువను కూలగొట్టించగా, దేవుడు ఆ శిలువ గుర్తును అక్కడి రాళ్ళలోనే నిలిపాడని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ రాళ్ళను తాయెత్తులుగా దగ్గర ఉంచుకునేవారు.

స్విట్జర్లండులో దక్షిణాన ఉన్న టిచీనో ప్రాంతపు ఆల్ప్స్ కొండలలో తెల్లని అభ్రకపు రాతిలో నీలి కయనైట్, గోధుమ రంగు స్టారోలైట్ పక్కపక్కనే ఉంటాయి. ప్రపంచంలోని అనేక మ్యూజియంలలో ఆ నమూనాలు ఉన్నాయి. బాసెల్ నగరంలో శిలువ ఆకారపు స్టారోలైట్‌కు బాప్తిస్మపు రాయి అనే పేరు ఉండేది. పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు దాన్ని రక్షగా వాడేవారు.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. స్పెయిన్‌లో సాంతియాగో దె కంపొస్తెలా యాత్రకు వెళ్ళినవారు మరో రకపు శిలువ రాయి తెచ్చుకునేవారు. దాన్ని కియాస్టొలైట్ అంటారు. అది ఆండలుసైట్ అనే ఖనిజంలో ఒక రకం. అందులో రాయి శిలువ ఆకారంలో ఉండదు. కడ్డీని అడ్డంగా కోస్తే లోపల నల్లని బొగ్గు రేణువులు శిలువ గుర్తుగా ఏర్పడి కనిపిస్తాయి. మన ముంజికాయను కోస్తే లోపల గింజల అమరిక కనిపించినట్లు. స్టారోలైట్ సంగతి అలా కాదు. అది ఒంటినిండా శిలువే.

ఖనిజ శాస్త్రంలో దీనికి ఈ పేరు పెట్టింది ఫ్రెంచి పండితుడు జాన్-క్లోద్ దెలామెతెరీ, 1792లో. గ్రీకు భాషలో స్టారోస్ అంటే శిలువ, లిథోస్ అంటే రాయి. శాస్త్రజ్ఞుడు కూడా చివరకు ఊరివారి మాటనే గ్రీకులోకి మార్చి పెట్టాడన్నమాట.

భూమి లోపల జరిగేది

ఇక శాస్త్రం చెప్పేది చూద్దాం. సముద్రం అడుగున మెత్తని బురద పేరుకుంటుంది. కాలక్రమాన అది గట్టిపడి బురద రాయి అవుతుంది. భూమి పైపొర పలకలు ఒకదాన్నొకటి ఒత్తుకుని కొండలు లేచేటప్పుడు ఆ రాయి పదిహేను, ఇరవై కిలోమీటర్లు, ఒక్కోసారి ఇంకా లోతుకు పోతుంది. అక్కడ వేడికీ ఒత్తిడికీ అది కరగదు, కాని మారుతుంది. మట్టిలోని ఖనిజాలు విడిపోయి కొత్త ఖనిజాలుగా కూడుకుంటాయి. పొరలు పొరలుగా అభ్రకం మెరిసే షిస్టు రాయి తయారవుతుంది. సుమారు 500 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ మధ్య, ఇనుము, అల్యూమినియం సమృద్ధిగా ఉన్న రాయిలో స్టారోలైట్ పుడుతుంది. అది ఇనుము, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్‌లతోపాటు కాస్త నీటి అంశ కలిసిన ఖనిజం.

అంటే ఇది ఒక థర్మామీటరు వంటిది. ఈ సంగతి ముందుగా పట్టుకున్నది మనవంటి సర్వే ఉద్యోగే. బ్రిటిష్ జియలాజికల్ సర్వేలో పనిచేసిన జార్జ్ బారో స్కాట్లండు ఎత్తుకొండలలో నడిచి, ఒక దిక్కుగా పోయేకొద్దీ రాళ్ళలో ముందు స్టారోలైట్, తరవాత కయనైట్, ఆ తరవాత సిల్లిమనైట్ వస్తున్నాయని 1893లో ప్రకటించాడు. రాయి ఎంత వేడిని చూసిందో అందులోని ఖనిజమే చెబుతుందన్నమాట. ఆ క్రమాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

వర్జీనియా రాళ్ళు అపలాచియన్ కొండలు లేచిన కాలానికి చెందినవి. అంటే కొన్ని పదుల కోట్ల సంవత్సరాల నాటివి. పైనున్న రాతి బరువంతా వానలకూ నదులకూ అరిగి కొట్టుకుపోయాక లోపలి షిస్టు బయటపడింది. మెత్తని అభ్రకం పొడి అయిపోతుంది. స్టారోలైట్ కాఠిన్యం 7 నుంచి 7.5 వరకు ఉంటుంది, అంటే పలుగురాయితో సమానం లేదా ఒక పిసరు ఎక్కువ. అందుకే చుట్టూ ఉన్నది పోయినా అది మిగులుతుంది. వాన వెలిశాక మట్టిలో శిలువలు కనబడటానికి కారణం ఇదే.

మరి శిలువ ఆకారం ఎందుకు? స్టారోలైట్ మామూలుగా ఒంటి కడ్డీగానే పెరుగుతుంది. కాని దానికి జంటగా పెరిగే గుణం బాగా ఎక్కువ. రెండు స్ఫటికాలు ఒకదాని ఒంట్లోంచి ఒకటి పెరుగుతాయి. కోణాలు రెండే రకాలు. సుమారు 60 డిగ్రీల కోణంలో ఉంటే ఏటవాలు శిలువ, 90 డిగ్రీలకు దగ్గరగా ఉంటే నిటారు శిలువ. మొదటి రకమే ఎక్కువగా దొరుకుతుంది. రెండోది అరుదు కాబట్టి దానికే గిరాకీ.

హంగరీ శాస్త్రజ్ఞుడు నారాయ్-సాబో 1929లో ఎక్స్-కిరణాల సాయంతో దీని లోపలి కట్టడం తేల్చాడు. కయనైట్ వంటి పొరలూ, వాటి మధ్య ఇనుము ఉన్న పొరలూ వరసగా పేర్చినట్లు ఉంటాయి. మొత్తం మీద ఆక్సిజన్ పరమాణువుల అమరిక, కొట్లో బత్తాయిలు పేర్చినట్లు, దాదాపు అన్నివైపులా ఒకేలాగ ఉంటుంది. అందువల్ల స్ఫటికం మొలకెత్తే దశలో రెండో స్ఫటికం 60 లేదా 90 డిగ్రీలు తిరిగి మొదలైనా, ఆ ఆక్సిజన్ చట్రం తెగకుండా కొనసాగుతుంది. ఇద్దరు అన్నదమ్ములు ఒకే గోడ ఉమ్మడిగా పెట్టుకుని చెరోవైపు ఇల్లు కట్టుకున్నట్లు. ఈ జంట తరవాత అతుక్కున్నది కాదు. పుట్టుకలోనే, లేదా పెరగడం మొదలైన కొత్తలోనే ఏర్పడినది.

ఈ చివరి వాక్యం నేను పుస్తకంలో చదవకముందే ఒకాయన నాకు చెప్పాడు. నా బాకీ ఆయనకే.

సైదాపురం, 1968

వర్జీనియాలో రాళ్ళు ఏరుకున్నాక కారులో తిరిగి వస్తుంటే మనవరాలు అడిగింది: "తాతయ్యా, దీన్ని ఎవరు కనిపెట్టారు?" నేను దెలామెతెరీ పేరు చెప్పాను. "పేరు పెట్టినాయన కాదు తాతయ్యా, అసలు మొదట దొరికింది ఎవరికి?" అంది. తెలియదన్నాను. నిజానికి ఆ సమయాన నా మనసు 1968లోకి వెళ్ళిపోయింది.

నేను 1966లో సర్వీసులో చేరాను. రెండో ఏడాది ఫీల్డ్ సీజనుకు నన్ను నెల్లూరు అభ్రకం ప్రాంతానికి వేశారు. గూడూరు, రాపూరు, సైదాపురం ఆ చుట్టుపక్కల ఊళ్ళు. నెల్లూరు షిస్టు పట్టీ అంటే మన శాఖలో తెలియనివారుండరు. అక్కడ గార్నెట్, కయనైట్, స్టారోలైట్ ఉన్న షిస్టు రాళ్ళున్నాయి. కాకిబంగారం ముక్కలు దారి పొడుగునా ఎండలో మెరుస్తుంటాయి. డేరాలు, హరికేన్ లాంతర్లు, తోలు తిత్తిలో నీళ్ళు. మనలో చాలామందికి ఆ జీవితం గుర్తే.

క్యాంపులో రోజుకూలీ మీద పనిచేసేవారిలో ఒక పెద్దాయన ఉండేవాడు. అంతకుముందు అభ్రకం గనుల్లో పనిచేసినవాడు. బక్కపలచని మనిషి. నమూనాల సంచీ మోయడం ఆయన పని. రాయిని చూడగానే ఇది కావాలా అయ్యా అని సరైన రాయే తీసి ఇచ్చేవాడు. మేమంతా ఆయన్ని "పెద్దాయనా" అనే పిలిచేవాళ్ళం.

ఒకనాడు మధ్యాహ్నం చెట్టు కింద అన్నం తిన్నాక, రొండిన దోపుకున్న గుడ్డమూట విప్పి ఆయన ఒక రాయి చూపించాడు. వేలి కణుపంత స్టారోలైట్. 90 డిగ్రీల శిలువ. నాలుగు చేతులూ విరగకుండా ఉన్నాయి. అంత చక్కని నమూనా నేను అంతవరకు చూడలేదు.

"వానాకాలంలో వాగులో దొరికిందయ్యా. మా ఇంటిదానికి ఒంట్లో బాగలేనప్పుడు దొరికింది. దేవుడే చేసి ఇచ్చినాడు" అన్నాడు. ఆయన క్రైస్తవుడు.

నాకు అప్పుడు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో. చదువు తలకెక్కిన వయసు. "దేవుడు చేసింది కాదు పెద్దాయనా. రెండు రాళ్ళు విడివిడిగా పెరుగుతూ పెరుగుతూ ఒకదానికొకటి అడ్డం తగిలి ఇలా అయ్యాయి" అని పాఠం చెప్పాను. తక్కిన కూలీలు నవ్వారు. ఆయన నవ్వలేదు, వాదించలేదు.

మర్నాడు పొద్దున క్యాంపుకు వచ్చి, తువ్వాలు కొంగులోంచి గుప్పెడు ఇసుక నా బల్ల మీద పోశాడు. ఇసుకలో బియ్యపు గింజలంత స్టారోలైట్‌లు. భూతద్దం పెట్టి చూశాను. వాటిలో అనేకం శిలువలే.

"చిన్నయి కూడా ఇట్టానే ఉండాయయ్యా. పెరిగినాక తగులుకునేదైతే చిన్నయి ఒంటిగా ఉండాల గదా. పుట్టేటప్పుడే ఇట్టా పుట్టినాయి" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. ఆయన చెప్పింది అక్షరాలా సరి. నేను చెప్పిన పాఠం తప్పు.

మిత్రులారా, ఆ తరవాత నేను చేసిన పని రెండు ముక్కల్లో చెబుతాను. ఆ పెద్ద శిలువను "ఆఫీసులో చూపించి మళ్ళీ ఇస్తాను" అని ఆయన దగ్గర తీసుకున్నాను. చీటీ రాశాను: స్థలం సైదాపురం దగ్గర, ఖనిజం స్టారోలైట్, సేకరించినది – నా పేరు. సీజను చివర రాసిన రిపోర్టులో ఇలా పెట్టాను: చిన్న స్ఫటికాలలో సైతం శిలువ రూపం గమనించడమైనది, కనుక జంట కావడం పెరుగుదల తొలి దశలోనే జరిగినట్లు భావించడమైనది. పై అధికారి ఆ వాక్యం పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టి, "బాగా గమనించావోయ్" అన్నారు. నేను సంతోషించాను.

"గమనించడమైనది." మన జీవితమంతా ఇటువంటి వాక్యాలు రాశాం. ఎవరు గమనించారు అన్న ప్రశ్నే రాకుండా చేసే వాక్యం అది.

క్యాంపు ఎత్తేసే రోజున ఆయన జీపు దగ్గరికి వచ్చి, "అయ్యా, నా రాయి" అన్నాడు. ఆఫీసుకు పంపేశాను, వచ్చే సీజనుకు తెస్తానన్నాను. తల ఊపాడు. వచ్చే సీజనుకు నన్ను వేరే ప్రాంతానికి వేశారు. ఆ తరవాత ఆఫీసు ఒక భవనం నుంచి మరో భవనానికి మారినప్పుడు నమూనాల పెట్టెలు కొన్ని కలగాపులగమయ్యాయి. నేను వెళ్ళి వెతికేసరికి ఆ రాయి లేదు. తప్పు పెట్టెలు మోసినవారిది కాదు. ముందే తిరిగి ఇవ్వని నాది.

పేరు

అమెరికా నుంచి వచ్చాక ఆయన కోసం ఆరా తీయాలనుకున్నాను. కాని అప్పుడు నాకు తెలిసివచ్చిన విషయం చెప్పడానికే సిగ్గుగా ఉంది. ఆయన పేరు నాకు తెలియదు. మరిచిపోవడం కాదు, అసలు ఎన్నడూ అడగలేదు. మస్టర్ రోల్‌లో వేలిముద్ర పక్కన పేరు ఉండే ఉంటుంది. దాని కింద సంతకం పెట్టినవాణ్ణి నేనే. ఐదు నెలలు ఆయన నా వెంట నడిచాడు. ఆయన మోసిన ప్రతి రాయి పేరూ నేను రాశాను.

రెండు శతాబ్దాల కిందట దెలామెతెరీ పేరు పెట్టకముందే బ్రిటనీ రైతులు దున్నుతూ ఈ రాళ్ళు ఏరారు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ప్యాట్రిక్ కౌంటీలో మొదటి శిలువను చూసి ఆగిపోయిన మనిషి పేరు లేదు. వారు చూసినదాన్ని కథగా చెప్పుకున్నారు. మనం దాన్ని మూఢనమ్మకమన్నాం. కాని ముందు చూసినవారు వారు. వెతికే చోటు తెలిసినవారు, వానకు ముందు కాదు వాన తరవాత వెతకాలని తెలిసినవారు, చిన్నవీ పెద్దవీ పోల్చినవారు వారు. కన్నీళ్ళు గడ్డకట్టి రాళ్ళు కావని నాకు తెలుసు. అయినా ఆ కథల్లో నాకు ఒక గౌరవం కనిపిస్తుంది. వంగి నేల మీది రాయిని చేతికి తీసుకున్నవాడు, ఇది ఎవరిదో అని ఆలోచించాడు. నేను ఆలోచించలేదు.

మన శాఖలో ఖలాసీలుగా, చైన్‌మన్‌లుగా, రోజుకూలీలుగా పనిచేసినవారు ఎందరో. కొందరు మన సంఘంలో సభ్యులు. ఎక్కువమందికి పింఛనూ లేదు, సభ్యత్వమూ లేదు. మన నివేదికలలో ఉన్న ఎన్నో "గమనించడమైనది"లు వారివి. అధికారులుగా పనిచేసిన మిత్రులు ఒకసారి తమ జ్ఞాపకాలు తిరగేసి, ఎవరి కళ్ళతో ఏది చూశారో రాసి పెడితే బాగుంటుందని నా మనవి. మన పత్రికలో రెండు పేజీలు దానికి కేటాయించమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.

1967–68 సీజనులో గూడూరు, సైదాపురం క్యాంపులలో పనిచేసినవారు, జీపు నడిపినవారు, వంట చేసినవారు ఎవరైనా ఇది చదివితే, ఆ పెద్దాయన పేరు గుర్తుంటే సంఘం కార్యాలయానికి ఒక కార్డు ముక్క రాయండి. ఆయన ఇప్పుడు ఉండే అవకాశం లేదు. కాని పిల్లలు, మనుమలు ఉండవచ్చు.

నా సొరుగులో ఉన్న రాయి మా మనవరాలికి దొరికిన మూడింటిలో ఒకటి. నాకు ఇచ్చేసింది. ఒక చెయ్యి కొంచెం విరిగింది, ఆయన రాయి అంత చక్కనిది కాదు. ఆ కుటుంబం ఎక్కడున్నదీ తెలిస్తే దీన్ని తీసుకువెళ్ళి ఇస్తాను. దానితోపాటు ఒక చీటీ కూడా రాసి సిద్ధంగా పెట్టాను. ఖనిజం పేరు రాశాను. స్థలం రాశాను. పుట్టుకలోనే జంట అని మొదట చెప్పినవారు అని రాసి, దాని పక్కన ఖాళీ వదిలాను.